ఇటలీ ఇంజన్‌కు ఎర్ర గుడ్డలు

ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. చెప్పుకోదగినన్ని లేకపోవడం ఒక కారణం. వచ్చినవాటికీ నేను చేసిన పనికీ ఏ సంబంధమూ కనిపించకపోవడం ఇంకో కారణం. భూపాలపల్లి దగ్గర బొగ్గు గనిలో పై మట్టి తీసే ఒక కాంట్రాక్టు కంపెనీ వర్క్‌షాప్‌లో నా ఉద్యోగమంతా గడిచింది. మట్టి మోసే డంపర్లు పాడవుతాయి, మేము బాగుచేస్తాం, డ్రైవర్లు మళ్లీ పాడుచేస్తారు. దీన్నే కాస్త టై కట్టుకుని చెబితే మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ అంటారు.

రిటైరై జనగామలో స్థిరపడ్డాక, ఇలాంటి వర్క్‌షాపుల్లో కొత్తగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "సార్, ఫీల్డ్ ఎట్లుంటది?" అని అడుగుతుంటారు. ఫీల్డ్ బాగానే ఉంటుంది. అందులోకి వచ్చే మనుషుల గురించే హెచ్చరించాలి. ఆ మనుషులందరూ నాకు ఒకే ఇంజన్ చుట్టూ మళ్లీ కనిపించారు. అది ఉద్యోగంలో తగిలిన ఇంజన్ కాదు. రిటైరయ్యాక మా ఇంటి ముందు రేకుల షెడ్డులో విప్పి, మళ్లీ బిగించిన ఒక పాత ఇటలీ స్పోర్ట్స్ కారుది. కాబట్టి ఆ ఇంజన్ కథే చెబుతాను. ఉద్యోగం కథ అందులోనే వస్తుంది.

కారా, సోఫానా

కారు విజయక్కది. ఆమె మహబూబాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. వాళ్ల నాన్నకు కేసముద్రంలో పత్తి మిల్లు ఉండేది. హైదరాబాద్‌లో దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక విదేశీ అధికారి దగ్గర ఆయన ఈ కారు కొన్నాడు. స్టీరింగ్ ఎడమ పక్క, గుడ్డ టాపు, రెండే రెండు సీట్లు. రెండే సీట్లుంటే చుట్టాలు ఎక్కమని అడగరని ఆయన ముందుచూపు. విజయక్క డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ కారులోనే. ఆడపిల్లకు స్టీరింగ్ ఏమిటని ఊరంతా అడిగితే, "ఎడమ దిక్కున్నది గద, మీకు కనబడదులే" అన్నాడట ఆయన.

ఆయన పోయాక మిల్లు మూతపడింది. కారు మిల్లు షెడ్డులో మిగిలిపోయింది.

ఆమె తమ్ముడు నర్సింగరావుకు అదే మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, ఫంక్షన్ హాలు ఉంది. హాలు గేటు దగ్గర ఈ కారు నిలబెట్టి, ఇంజన్ పీకి పాత ఇనుముకు అమ్మేసి, బానెట్ కింద బంతిపూలు నింపి, పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీయించాలని ఆయన ఆలోచన. ఇంత ఆలోచన ఆయనొక్కడికే వచ్చిందంటే నమ్మడం కష్టం. ఎవరో సాయం చేసి ఉండాలి.

"ఇంజన్ తీసేస్తె అది కారెట్లయితది తమ్మీ? సోఫా అయితది" అన్నారట విజయక్క.

"నడవని కారుకు ఇంజన్ ఎందుకక్కా? బరువు తప్ప."

"నడుస్తదిరా. నడిపించేటోడు దొరకాలె."

చుట్టాల్లో పెద్దమనుషులు కూర్చుని ఒక ఒప్పందం చేశారు. దసరా నాడు సాయంత్రం జమ్మి చెట్టు పూజకు పోయేలోపు కారు తన ఇంజన్‌తో తానే నడుచుకుంటూ కేసముద్రం మిల్లు గేటు దగ్గరికి వస్తే అది అక్కది. లారీ మీద ఎక్కి వస్తే తమ్ముడిది, అటు నుంచి అటే ఫంక్షన్ హాలుకు.

మా వర్క్‌షాప్‌లో నా దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరైన యాకయ్యది కేసముద్రమే. అతను విజయక్కకు నా పేరు చెప్పాడు. అలా ఒకరోజు కారు మా వాకిట్లో దిగింది. మా ఆవిడ సుగుణ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "గీ పాత సామాన్లన్ని మనింటికే ఎందుకొస్తయో" అంది. ఆ మాటలో నేను కూడా ఉన్నానని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ట్రాక్టర్‌తో లాగిన ఘనత

కొత్తగా చేరేవాళ్లకు మొదటి మాట. ఇంజన్ ఎందుకు ఆగిందో తెలియకుండా దాన్ని తిప్పకండి. చూడండి, వినండి, వాసన చూడండి. ఈ మూడింటికీ పానా అక్కర్లేదు. అందుకే మన దగ్గర ఎవరూ చేయరు.

కారు నా దగ్గరికి రాకముందే నర్సింగరావు తన ప్రయత్నం తాను చేశాడు. అక్కను ఓడించాలని కాదు, ఇంత చిన్న పనికి ఇంజనీరెందుకని. ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే ఒక మేస్త్రీని పిలిచాడు. ఏళ్ల తరబడి కదలని ఇంజన్ లోపల బిగుసుకుపోయి ఉంటుంది. మేస్త్రీకి తెలిసిన వైద్యం ఒక్కటే. గేరులో వేసి, తాడు కట్టి, ట్రాక్టర్‌తో లాగాడు.

ట్రాక్టర్‌కు ఆ వైద్యం నడుస్తుంది. దాని లోపల పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి, ఏది ఎప్పుడు తిరగాలో తప్పదు. ఈ ఇటలీ ఇంజన్‌లో ఆ పని చేసేది ఒక రబ్బరు బెల్టు. అది ఎండి, బీటలు వారి ఉంది. ట్రాక్టర్ లాగగానే బెల్టు పళ్లు రాలిపోయాయి. కింద పిస్టన్లు పైకి లేచాయి. పైన వాల్వులు తెరుచుకునే ఉన్నాయి. ఆ తర్వాత లోపల జరిగిన పరిచయం మర్యాదగా లేదు.

ఇంజన్ పై భాగం, అంటే హెడ్, విప్పినప్పుడు వంగిన వాల్వులు కనిపించాయి. మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను.

"వంగినయా? అయితె ఇంజన్ తిరిగిందన్నట్టే గద సార్" అన్నాడు. గొంతులో సంతోషం వినిపించింది.

ఇంకో సంగతి. పత్తి మిల్లులో పడున్న కారు కదా, ఎలుకలు పొగగొట్టం నుంచి కార్బురేటర్ల దాకా దూది కుక్కాయి. బయటికి లాగితే ఒక దిండుకు సరిపోయేటట్టుంది. తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలోకీ ఏదో ఒకటి దూరుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇడ్లీ పాత్ర

ఇంట్లో ఇంజన్ విప్పడం గురించి వీడియోలు చాలా ఉన్నాయి. వాటిలో షెడ్డు తళతళలాడుతుంటుంది, విప్పేవాడి చొక్కా ఇస్త్రీ మడత నలగదు, మరలన్నీ మొదటి తిప్పుకే వచ్చేస్తాయి. చూసి నేర్చుకోవడంలో తప్పు లేదు. చూసి నేర్చుకున్నానని చెప్పుకునేవాడి చేతికి మాత్రం మీ ఇంజన్ ఇవ్వకండి.

నిజానికి అందులో సగం పని గిన్నెలు తోమడమే. హెడ్ అల్యూమినియంది. బ్లాకు నుంచి అది ఊడి రావడానికే వారం పట్టింది. డీజిల్, ఆయిలూ కలిపి పోయడం, చెక్క సుత్తితో తట్టడం, మర్నాడు మళ్లీ పోయడం. వచ్చాక దాన్ని మా ఇంట్లో నీళ్లు కాచే కాగులో మరగబెట్టాం. ఇక ఎనిమిది వాల్వులు. ఒక్కో వాల్వు నెత్తిన ఒక ఉక్కు బిళ్ల ఉంటుంది, దాని మందం దానిదే. ఏ బిళ్ల ఎక్కడి నుంచి వచ్చిందో కలిసిపోతే నెల పని అదనం. గుంటలున్న పళ్లేలు కావాలి. వంటింట్లో ఉన్నాయి.

సుగుణ ఇడ్లీ పిండి రుబ్బుకుని వచ్చేసరికి రెండు ఇడ్లీ పళ్లేలు షెడ్డులో, ఒక్కో గుంటలో ఒక్కో బిళ్ల, పక్కన సుద్దముక్కతో నంబర్లు.

"ఇయ్యేంది?"

"వాల్వుల మీది బిళ్లలు."

"కనబడుతున్నయి. దేంట్ల పెట్టినవని అడుగుతున్న."

"కడిగిస్త."

"గా ఇడ్లీ పాత్ర మళ్ల నా వంటింట్లకు తెచ్చినవనుకో, నువ్వు కూడ షెడ్డులనే పండు."

మర్నాడు మేం ఆ పిండితో దోసెలు తిన్నాం. బాగానే ఉన్నాయి. నేను ఆ మాట పైకి అనలేదు.

యాకయ్య చెయ్యి

పనిలో నాకు తోడు యాకయ్య. డంపర్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన చెయ్యి. ఎదురుగా ఉన్నది ఏ లోహమని ఆ చెయ్యి ఎన్నడూ అడగలేదు. డంపర్ బోల్టు మనిషి మణికట్టంత ఉంటుంది. దాన్ని బిగించాలంటే పానాకు మీటరు గొట్టం తొడిగి, ఇద్దరు వేలాడాలి. యాకయ్య దృష్టిలో వేలాడకుండా బిగించినదేదీ బిగించినట్టు కాదు.

హెడ్‌కు కొత్త వాల్వులు వేసి, హన్మకొండ లేతు షాపులో ఆ వాల్వులు కూర్చునే సీట్లు సరిచేయించి తెచ్చాక, స్పార్క్ ప్లగ్గులు బిగించమని అతనికి పానా ఇచ్చాను. ఇచ్చి మంచినీళ్లకు లోపలికి పోయాను. అనుభవం ఉన్నవాడు చేసే పని కాదది.

బయటి నుంచి యాకయ్య గొంతు వినిపించింది. "సార్, ఇది మస్తు మెత్తగ తిరుగుతున్నది."

"ఎంత బిగించినవ్?"

"బిగించిన. ఇంక బిగుస్తలేదు. తిరుగుతనే ఉన్నది."

అల్యూమినియం రంధ్రంలోని మర గాట్లు ఊడిపోయాయి. ఊడిపోతే మెత్తగానే తిరుగుతుంది. జీవితాంతం.

"ఇది అల్యూమినియం యాకయ్యా. చేతి వేళ్లతోటి బిగించి, పానాతోటి కొంచెం తిప్పాలె. గంతే."

అతను కాసేపు తన చెయ్యి చూసుకున్నాడు. "గంత నాజూకు ఇంజన్తోటి ఇటలోళ్లు ఎట్ల బతుకుతున్నరు సార్?"

ఆ రంధ్రానికి కొత్త మర తొడిగించడానికి హెడ్‌ను మళ్లీ హన్మకొండ పంపాం. దసరా దగ్గరికి వచ్చింది. విజయక్క వారానికోసారి మానుకోట నుంచి బస్సులో వచ్చి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, కూర్చుని బేరింగులు తుడిచేవారు. తుడిచిన బేరింగునే మళ్లీ తుడిచేవారు.

జనరల్ షిఫ్ట్ సారు

ఇక్కడ మా పెద్దసారు గురించి చెప్పాలి. వర్క్‌షాప్ మొత్తానికి ఆయనే అధిపతి. పగటి షిఫ్టు తప్ప ఇంకో షిఫ్టు ఉందని ఆయనకు నమ్మకం లేకపోవడంతో మేమంతా జనరల్ షిఫ్ట్ సారు అనేవాళ్లం.

వర్క్‌షాప్‌లో ఒక పాత పద్ధతి ఉండేది. విప్పిన ఇంజన్‌లో నోరు తెరిచి ఉన్న ప్రతి గొట్టంలోనూ, ప్రతి రంధ్రంలోనూ ఎర్ర గుడ్డ కుక్కాలి. సగం లోపల, సగం బయట వేలాడుతూ. వికారంగా కనిపించాలి. అదే దాని ప్రయోజనం. వికారంగా ఉన్నదాన్ని ఎవరూ మర్చిపోరు.

ఒకసారి హెడ్డాఫీసు నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. సారు ముందురోజు వర్క్‌షాప్ అంతా తిరిగాడు.

"ఏందయ్యా గీ ఎర్ర గుడ్డలు? వర్క్‌షాపా, మంగలి షాపా? ఫోటోలల్ల ఎట్ల కనబడ్తది?"

"నోర్లు మూసినం సార్. దుమ్ము పోకుంట" అన్నాను.

"మూస్తె మూయిన్రి. తెల్ల గుడ్డ పెట్టి లోపలికి నెట్టున్రి. బయటికి కనబడొద్దు."

కనబడలేదు. మర్నాడు ఎవరికీ కనబడలేదు. కొత్తగా బిగించిన డంపర్ ఇంజన్‌కు సారు స్వయంగా కొబ్బరికాయ కొట్టి, స్వయంగా బటన్ నొక్కాడు. గాలి గొట్టంలో ఒక తెల్ల గుడ్డ ఉండిపోయింది. ఇంజన్ గాలి పీల్చింది, గాలితోపాటు గుడ్డనీ పీల్చింది. లోపలికి గాలి నెట్టే టర్బో మొదట ఆ గుడ్డను తిన్నది, తర్వాత తనను తానే తినడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని పెద్దల్లో ఒకాయన, "పవర్ బాగుంది" అని మెచ్చుకున్నాడు.

విచారణ జరిగింది. వాడిన గుడ్డ నాణ్యమైనది కాదని తేల్చారు. ఆ తర్వాత మాకు మంచి రకం తెల్ల గుడ్డలు వచ్చాయి.

అందంగా కనిపించాలనే ఆజ్ఞ ఎంత పైనుంచి వచ్చినా, ఎర్ర గుడ్డ ఎర్రగానే ఉండాలి, బయటికే వేలాడాలి. నా ఉద్యోగం మొత్తంలో కొత్తవాళ్లకు ఖచ్చితంగా చెప్పగలిగిన సంగతి ఇదొక్కటే. మిగతావన్నీ చర్చించుకోవచ్చు.

దసరా పొద్దున

పండగ ఇంకా రెండు వారాలుందనగా ఇంజన్ మొదటిసారి పలికింది. డంపర్ పలకరింపు వేరు, భూమి కదిలినట్టు ఉంటుంది. ఇది గొంతు సవరించుకుని పాట అందుకున్నట్టు ఉంది. యాకయ్య చెవి దగ్గర పెట్టి విని, "మోటార్ సైకిల్ లెక్కనే ఉన్నది" అన్నాడు. కానీ కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొగేమీ లేదు.

జనగామ బైపాస్ మీద రోజూ నెమ్మదిగా తిప్పి ఇంజన్‌ను అలవాటు చేశాం. దసరా పొద్దున ఆఖరిసారి కార్బురేటర్లు సరిచూద్దామని వాటిపైనున్న గాలి ఫిల్టర్ డబ్బా విప్పాను. ఈ కారులో కార్బురేటర్లు ఇంజన్ మీద నిలువుగా కూర్చుంటాయి. రెండింటికీ కలిపి నాలుగు నోళ్లు, నాలుగూ ఆకాశం వైపు. నాలుగింటిలోనూ ఎర్ర గుడ్డలు కుక్కి, తోకలు బయటికి వదిలాను.

"ఇయ్యాల దసరా. తలకు పోసుకోకుంట గా బండిల తలకాయ పెడ్తవేంది?" అని సుగుణ లోపలి నుంచి కేకేసింది. స్నానానికి పోయాను.

తిరిగొచ్చేసరికి వాహన పూజ అయిపోయింది.

నర్సింగరావు పొద్దున్నే మానుకోట నుంచి వచ్చాడు. సాక్షిగా రావాల్సినవాడు పురోహితుడిగా కూడా మారాడు. వెంట తన పెద్ద కారు, గంపెడు కొబ్బరికాయలు, బంతిపూలు, పళ్లెం నిండా పసుపు అక్షింతలు, ఫంక్షన్ హాలు ఫోటోగ్రాఫర్. వీధిలో ఒక ఖాళీ లారీ కూడా ఉంది. కారు నడవకపోతే ఎక్కించుకుపోవడానికి. ఆయన ఏర్పాట్లలో లోపం ఉండదు.

బానెట్ తెరిచే ఉంది. కొబ్బరికాయ బంపర్ మీదే పగిలింది. ఇంజన్ మీద కుంకుమ, పూరేకులు. నా ఎర్ర గుడ్డలు నాలుగూ చక్కగా మడతపెట్టి ప్రహరీ గోడ మీద ఉన్నాయి.

"ఫోటోల ఎర్రగ ఏలాడుతుంటె మంచిగ కనబడ్తలేవు సార్. నేనే తీసిన" అన్నాడు ఫోటోగ్రాఫర్. మా సారుకు ఇతను ఏమీ కాడు. అయినా పోలిక కనిపించింది.

నాలుగు నోళ్ల అంచుల మీదా పసుపు గింజలు. నర్సింగరావు అక్షింతలు గుప్పిళ్లతో వేశాడు. ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. దురుద్దేశం ఉంటే గురి అంత బాగా కుదరదు. అది చాలక ఫోటో కోసం స్టీరింగ్ ముందు కూర్చున్నాడట. మొదట కుడి పక్క కూర్చుని, స్టీరింగ్ కోసం వెతికి, తర్వాత ఎడమకు మారాడట. "పాత బండ్లకు ముందుగల్ల రేసు తొక్కాలె" అని యాక్సిలరేటర్ నాలుగైదుసార్లు కసిగా తొక్కాడట. తొక్కినప్పుడల్లా కార్బురేటర్ లోపలి రేకులు తెరుచుకుంటాయి. పైన ఏముంటే అది కిందికి దిగుతుంది.

ఇప్పుడు స్టీరింగ్ ముందు విజయక్క ఉన్నారు. తాళం పెట్టి ఉంది, చెయ్యి తాళం మీద ఉంది.

"తిప్పకండి!" అన్నాను. నెత్తి నుంచి నీళ్లు కారుతున్నాయి, భుజం మీద తువ్వాలు. హుందాగా లేనని తెలుసు.

"ఏమైంది సారూ?" అన్నాడు నర్సింగరావు. "ముహూర్తం దాటుతది."

"అక్షింతలు ఇంజన్ల పడ్డయి."

"పడితె ఏమైతది? దేవుని బియ్యం. దీవెన లోపలికి కూడ తగలాలె గద."

"దేవునికి అభ్యంతరం లేదు. వాల్వులకే ఉన్నది."

"గింత ఇంజను, గన్ని గింజలకు ఆగుతదా? నువ్వు కొట్టక్కా సెల్ఫ్."

"విప్పి చూడాలె" అన్నాను.

"చూసిన్రా?" అని ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. "ఇప్పుడు విప్పుతరు. పొద్దుగూకుతది. మాట మాటేనక్కా. జమ్మి వేళకు గేటు కాడ లేకుంటె నేను లారీకి ఎక్కిస్త."

విజయక్క తాళం మీద నుంచి చెయ్యి తీయకుండా నా వైపు చూశారు. "విప్పనీకి ఎంతసేపు పడ్తది సారూ?"

"భోజనాలు దాటుతయి. పొద్దుగూకేలోపల చేరుతమో లేదో చెప్పలేను."

"విప్పకుంట పోతె?"

"నడవచ్చు. మధ్యల వాల్వు వంగి ఆగిపోవచ్చు. అప్పుడు నా చేతుల ఏముండది."

ఆమె కారును ఒకసారి చూసుకున్నారు. వీధిలో లారీని చూశారు. తాళం బయటికి లాగి, హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు మూశారు.

"నాయిన పోయిన కాన్నుంచి ఆగింది గీ కారు. భోజనాలదాక ఆగదా?" అన్నారు. "విప్పున్రి సారూ."

నేనూ యాకయ్యా కార్బురేటర్లు రెండూ దించాం. గొంతుల్లో బియ్యం, కుంకుమ, బంతి రేకులు. కింద ఇంజన్‌లోకి గాలి పోయే నాలుగు దారుల్లోనూ గింజలు. గీతలు పడకుండా ఒక్కొక్కటీ బయటికి తీయాలి. మా దగ్గర మంచి అయస్కాంతం ఉంది కానీ బియ్యం దానికి అంటుకోదు. ఇంజనీరింగ్‌లో ఈ పాఠం చెప్పరు. చివరికి సుగుణ ఇల్లు ఊడ్చే వాక్యూమ్ మిషన్ తెచ్చి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం కట్టి ఇచ్చింది.

"ఇది కూడ షెడ్డులనే ఉంచుకుంటవా?" అంది.

మూడో దారిలో గొట్టం పెట్టినప్పుడు టక్కుమని ఏదో తగిలింది. తీసి చూస్తే గోరంత కొబ్బరి చిప్ప ముక్క. తెరిచి ఉన్న వాల్వు మీద కూర్చుని ఉంది. తాళం తిప్పి ఉంటే మొదటి చుట్టులోనే వాల్వుకూ దాని సీటుకూ మధ్య ఇరుక్కునేది. బియ్యం నలిగిపోవచ్చు. ఇది నలగదు.

అరచేతిలో పెట్టి నర్సింగరావుకు చూపించాను. ఆయన వంగి చూశాడు.

"గిది నేను కొట్టిన కాయదేనా?"

"వేరే ఎవరు కొట్టలే."

యాకయ్య తొంగి చూశాడు. "సార్, గిది పచ్చడికి సుత పనికి రాదు."

ఫోటోగ్రాఫర్ ఆ ముక్కను మాత్రం ఫోటో తీయలేదు.

కేసముద్రం దారిలో

ఎండ వాలుతుండగా బయల్దేరాం. ఫిల్టర్ డబ్బా బిగించాను. బానెట్ మూసి, గొళ్లెం లాగి చూశాను. విజయక్క నడుపుతున్నారు, పక్కన నేను. వెనక నర్సింగరావు పెద్ద కారు. దాని వెనక ఖాళీ లారీ, ఇంకా ప్రాణం ఉన్నవాడి వెనక పాడె తెస్తున్నట్టు. అందులో డ్రైవర్ పక్కన యాకయ్య.

పాలకుర్తి దాటాక సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఎండబోశారు. మిగిలిన సగంలో ఆమె కారును దూర్చి తీసుకుపోతుంటే నేను ఊపిరి బిగపట్టాను. ఆమె పట్టలేదు.

నెల్లికుదురు దగ్గర పత్తి ట్రాక్టర్లు అడ్డంపడి రోడ్డు ఆగింది. నిలబడిన కారులో ఇంజన్ వేడి ముల్లు పైకి లేవసాగింది. పొద్దు పడమటి చెట్ల మీదికి దిగింది. వెనక లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు, అవసరం లేకుండా.

"హీటర్ వేయున్రి" అన్నాను.

"ఏంది?"

"చలికాలం హీటర్. ఇంజన్ల ఉన్న వేడిని మన కాళ్ల మీదికి తీసుకొస్తది."

ఆమె వేశారు. కాళ్ల దగ్గర పొయ్యి రాజుకున్నట్టయింది. వేడి ముల్లు మాత్రం నెమ్మదిగా వెనక్కి జరిగింది.

"మనం ఉడికినా పర్వాలేదన్నట్టు" అన్నారు విజయక్క చెమట తుడుచుకుంటూ.

"మనల్ని మళ్ల బిగించే పని లేదు గద" అన్నాను.

ట్రాక్టర్లు తప్పుకున్నాయి. ఆమె గేరు మార్చి తొక్కారు. ఎన్నో ఏళ్లుగా దూది కుక్కుకుని ఉన్న ఆ గొంతు అప్పుడు పూర్తిగా తెరుచుకుంది. నేను ఉద్యోగంలో చాలా ఇంజన్లు బిగించాను. దిగి చప్పట్లు కొట్టాలనిపించింది దీనికొక్కదానికే. సీటు బెల్టు పెట్టుకుని ఉండటం వల్ల కొట్టలేదు.

కేసముద్రం చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. కొత్త బట్టలు కట్టుకుని జనం జమ్మికి బయల్దేరుతున్నారు. మిల్లు గేటు దగ్గర చుట్టాల్లో పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. విజయక్క గేటు ముందు ఆపి, ఇంజన్ ఆపకుండా ఒకసారి హారన్ కొట్టి, అప్పుడు తాళం తిప్పి ఆపారు.

నర్సింగరావు తన కారు దిగి వచ్చాడు. చేతిలో అదే పళ్లెం, అవే అక్షింతలు. గెలుపోటములు ఎట్లా ఉన్నా పూజలో లోటు రాకూడదు కదా. వెనకే ఫోటోగ్రాఫర్.

"అక్కా, బానెట్ లేపు. ఒక్క ఫోటో" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"బానెట్ లేవది" అన్నారామె, దిగుతూ. తమ్ముడి చేతిలోంచి పళ్లెం తీసుకున్నారు. "నీకంటె పెద్దదాన్నిరా నేను. అక్షింతలు నేను వెయ్యాలె, నువ్వు వేయించుకోవాలె. తల వంచు."

అంతమంది ముందు ఆయన ఏం చేస్తాడు. తల వంచాడు. "కారు నీదేనక్కా" అన్నాడు, నేలను చూస్తూ.

విజయక్క గుప్పెడు తీసుకుని ఆయన నెత్తిన వేశారు. ఇంకో గుప్పెడు వేశారు.

"గిక్కడ ఎన్ని వేసినా పర్వాలేదు తమ్మీ. లోపల పాడయ్యేది ఏం లేదు."

పెద్దమనుషులు నవ్వారు. నర్సింగరావు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నేను మాత్రం వెళ్లి బానెట్ గొళ్లెం పడిందో లేదో ఇంకోసారి లాగి చూశాను. పళ్లెంలో అక్షింతలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి.